పియానో మెట్లపై స్వరగుచ్ఛముల యన్వయము

సంగీతము నేర్చు బాలికకు మన యిండ్లలో మొట్టమొదట చేతికిచ్చు వాద్యము వీణయో, వయొలీనో, హార్మోనియమో యగుట పరిపాటి. ఇటీవల పట్టణములలోనేకాక చిన్న యూళ్లలో సైతము పియానో మెట్లను బోలిన మెట్లుగల విద్యుద్వాద్యములు, కీబోర్డులని పిలువబడునవి, ప్రవేశించినవి. పియానో వెలలో స్వల్పభాగమునకే లభించుటచేతను, బల్లపై నొక మూల నిముడుటచేతను తల్లిదండ్రులు ముచ్చటపడి కొని యిచ్చుచున్నారు. కాని యేడాది తిరుగకుండగనే పలు యిండ్లలో నది గుడ్డ కప్పుకొని బీరువాపై కెక్కుట చూచుచున్నాను. బాలికల సోమరితనమే యిందుకు కారణమని పెద్దలందురు. నాకట్లు తోపదు. మొదటి కొన్ని నెలలు ఒక్కొక్క స్వరమునే వాయించినంత కాలము పిల్లలు సంతోషముగనే యుందురు. మూడు స్వరములను ఒక్కసారిగా మ్రోగించు పాఠమునకు రాగానే చేయి గంతులు వేయ నారంభించును. కనులు చేతివెంట పరుగెత్తును. పాట నడుమ తెగిపోవును. పదిసార్లు తెగిన పాటను పదునొకండవసారి యెత్తుకొను నోపిక పెద్దలకే యుండదు గదా!

ఈ గంతులను మాన్పు మార్గమొకటి కలదు. పాశ్చాత్యులు దానిని ఇన్వర్షన్ అందురు. విద్వాంసులకు మాత్రమే తెలియవలసిన మర్మముగా దానిని కొందఱు వెనుకకు నెట్టుదురు గాని, వంటయింటి లెక్కలు తెలిసిన గృహిణి కది కష్టమైన విషయము కాదు. హార్మోనియమో కీబోర్డో దగ్గఱ నుంచుకొని యీ వ్యాసమును చదివిన మేలు. లేనివారు కాగితముపై మెట్లు గీచుకొన్నను చాలును.

మన సంగీతమున స్వరములు ఒకదాని వెనుక నొకటి నడచును; వాని క్రింద శ్రుతి యెడతెగక మ్రోగుచుండును. పాశ్చాత్య సంగీతమున కొన్ని స్వరములు ఒకేసారి కలిసి పలుకుట ప్రధానము. అట్లు కలిసి పలుకు మూడు, లేక అంతకు మించిన స్వరముల సముదాయమును వారు కార్డ్ అందురు. తపాలాకార్డునకును దీనికిని చుట్టఱికమేమియు లేదు. పేరు వినగానే నవ్వు వచ్చుటచే నేను దీనిని స్వరగుచ్ఛమని వ్రాయుచున్నాను.

మెట్లను గుర్తించు విధము సులభము. నల్లమెట్లు రెండొకచోటను, మూడొకచోటను గుంపులుగా నుండును. రెండు నల్లమెట్ల జంటకు ఎడమప్రక్క నానుకొనియున్న తెల్లమెట్టునకు సి అని పేరు. దానిని మనము షడ్జముగా నుంచుకొన్నచో, అటనుండి కుడికి వరుసగా సి, డి, ఇ, ఎఫ్, జి, ఏ, బి అను తెల్లమెట్లే మన శంకరాభరణపు స, రి, గ, మ, ప, ద, ని యగును. పియానోపై గాంధారము తంబురాలో సహజముగా వినవచ్చు గాంధారముకంటె అర్ధస్వరములో సుమారు ఏడవవంతు హెచ్చుగా నుండును. చెవి కలవారి కిది కొంచెము కటువుగా దోచవచ్చును, ప్రస్తుతమునకు సహింపుడు.

ఇప్పుడు ఒక స్వరమును బట్టి, ఒకదానిని విడిచి, మఱొకదానిని బట్టుడు: స, గ, ప. ఈ మూడింటిని ఒక్కసారి నొక్కినచో కలుగు నాదమునకు సి మేజర్ అని పేరు. ఇందు స మూలస్వరము. మూలస్వరము అడుగున నున్నప్పుడు గుచ్ఛము మూలస్థితిలో నున్నదందుము. ఇక అడుగుననున్న స ను విడిచి, దానికి బదులుగా పై స్థాయిలోని స ను పట్టుడు. గ, ప, స అగును. ఇది మొదటి ఇన్వర్షన్. మరల అడుగుననున్న గ ను పై స్థాయికి బంపుడు. ప, స, గ అగును. ఇది రెండవ ఇన్వర్షన్. ఇంకొకసారి ప ను పైకి బంపినచో తిరిగి స, గ, ప యే వచ్చును. కావున మూడు స్వరముల గుచ్ఛమునకు ఇన్వర్షనులు రెండే.

మెట్ల మధ్య దూరములను లెక్కించిన నిందలి సొగసు తెలియును. నల్లదైనను తెల్లదైనను ప్రక్క మెట్టునకు పోవుట ఒక అడుగనుకొందము. స నుండి గ కు 4 అడుగులు, గ నుండి ప కు 3, ప నుండి పై స కు 5. మొత్తము 12. ఈ 4, 3, 5 అను మూడు పూసలను మాలగా గ్రుచ్చి త్రిప్పుచున్నామనుకొనుడు. మూలస్థితిలో చేతిక్రింద నుండునవి 4, 3. మొదటి ఇన్వర్షన్‌లో 3, 5. రెండవదానిలో 5, 4. మైనర్ అను గుచ్ఛమున గాంధారము ఒక మెట్టు క్రిందికి దిగి సాధారణ గాంధారమగును గనుక అచ్చటి మాల 3, 4, 5. త్రిప్పినచో 4, 5 యును, 5, 3 యును వచ్చును. పండ్రెండు మెట్లలో దేనిని మూలముగా గొన్నను ఈ లెక్క తప్పదు. మేజర్ 12, మైనర్ 12, వెరసి 24 గుచ్ఛములు, ఒక్కొక్కదానికి మూడు నిలుకడలు, మొత్తము 72. మేళకర్తల సంఖ్యయే యగుట చూచి మురియవలదు, అది కాకతాళీయము. ఈ 72 ను కంఠస్థము చేయువారును గలరు. రెండు మాలలు జ్ఞాపకముంచుకొన్నవారి కంత శ్రమ లేదు.

స అడుగున లేనప్పుడు అది స గుచ్ఛమే యని యెట్లు చెప్పగలము? ఈ ప్రశ్న పిల్లలు తప్పక వేయుదురు. దీనికి సమాధానము మనము చిన్ననాట శ్లోకములకు అర్థము చెప్పుకొన్న పద్ధతిలోనే యున్నది. రాముడు రావణుని గూల్చెను అన్నను, రావణుని రాముడు గూల్చెను అన్నను, గూల్చెను రావణుని రాముడు అన్నను కూలినవాడు రావణుడే, కూల్చినవాడు రాముడే. పదములు ఏ వరుస నున్నను కర్తను విభక్తి పట్టియిచ్చును. అన్వయము చెప్పునపుడు చెదరిన పదములను దెచ్చి కర్త, కర్మ, క్రియ యని కూర్చుకొందుము. స్వరగుచ్ఛమునకు గూడ అన్వయమే చేయవలెను. ఒకటి విడిచి యొకటిగా స్వరములు కుదురునంతవఱకు సర్దినచో అడుగున నిలిచినదే మూలస్వరము.

ఒక యుదాహరణము. స, మ, ద అను మూడు మ్రోగుచున్నవి. స కును మ కును నడుమ రి, గ రెండు విడిచిపోయినవి. కావున ఇది సర్దిన వరుస కాదు. స ను పైకి బంపుడు: మ, ద, స. ఇప్పుడు ఒకటి విడిచి యొకటిగా కుదిరినవి. ఇది మ మూలముగా గల గుచ్ఛము, వారి లెక్కలో ఎఫ్ మేజర్; ఇంతకుమున్ను వినబడినది దాని రెండవ ఇన్వర్షన్. ఇంకను శీఘ్రముగా గుర్తింపవలెనన్న, గుచ్ఛములో 5 అడుగుల యెడము ఎచ్చటనున్నదో చూడుడు. ఆ యెడమునకు పైనున్న స్వరమే మూలము. 5 అడుగుల యెడము లోపల కనబడనిచో గుచ్ఛము మూలస్థితిలోనే యున్నది. మేజరునకును మైనరునకును ఇది చెల్లును.

వరుస మాఱినను అర్థము మాఱదంటిని. అట్లని వరుసకు ప్రయోజనము లేదనరాదు. రావణుని అని ముందుగా నెత్తుకొన్న వాక్యమునకు వేఱొక బిగువు గలదు గదా! ఆ సంగతి ముందు చెప్పుదును.

కర్ణాటక సంగీతము కొంత నేర్చిన సోదరీమణులు ఇచ్చట నొక పొరపాటున పడుటకు వీలున్నది. మనకు గ్రహభేదమను ప్రక్రియ కలదు. శంకరాభరణపు మెట్లనే ఉంచి, రిషభమును షడ్జముగా భావించినచో ఖరహరప్రియ వచ్చును; గాంధారమును షడ్జము చేసిన తోడి; మధ్యమమును చేసిన కల్యాణి. ఆధారము మాఱినచో రాగము పేరే మాఱిపోవును. ఇది బాగుగా నెఱిగిన వారు గ, ప, స అను గుచ్ఛమును వినగానే గాంధారమునకు ఆధారత్వము వచ్చినదని యనుకొందురు. అట్లు కాదు. గ్రహభేదమున గృహయజమానియే మాఱును. ఇన్వర్షన్‌లో యజమాని అరుగుమీదినుండి మేడమీదికి బోవును, అంతే. ఇల్లాయనదే.

ఈ సంగతి పాశ్చాత్యులకును మొదటినుండి స్పష్టముగా నున్నది కాదు. పూర్వము వారిలో మెట్లవాద్యములు వాయించువారికి అడుగుస్వరమును మాత్రము వ్రాసి, దానిపై ఏ యే దూరమున స్వరములను జేర్పవలెనో అంకెలతో సూచించువారు. గ అడుగున నుండి పైన 6 అని యున్నచో గాంధారమునుండి ఆఱవదగు స ను పట్టవలెను. నడుమ ప రావలెనని వాయించువానికి తెలియును. ప అడుగున నుండి 6, 4 అని యున్నచో పంచమమునుండి నాల్గవదగు స ను, ఆఱవదగు గ ను జేర్పవలెను. ఇట్లు అంకెలనుబట్టి నేర్చుటచే ఒకే గుచ్ఛపు మూడు నిలుకడలు మూడు వేఱు వస్తువులుగా అభ్యాసములో నుండెను. జర్మనీలో కొందఱు వీని యేకత్వమును గమనించియుండిరి గాని, దానిని శాస్త్రముగా స్థాపించినవాడు ఫ్రాన్సుదేశీయుడగు రామో. ఆయన 1683లో డిజోను నగరమున జన్మించి, చర్చిలలో ఆర్గన్ వాయించుచు జీవించి, 1722లో పారిసునందు స్వరసమ్మేళనమును గూర్చి యొక పెద్ద గ్రంథమును బ్రకటించెను. వినబడు అడుగుస్వరము వేఱు, గుచ్ఛమునకు మూలమైన స్వరము వేఱు. మూలస్వరముల నడకయే పాటకు నిజమైన పునాదియని యాయన వాదము. మనవారి మాటలో జెప్పవలెనన్న, అన్వయము చేసికాని అర్థము చెప్పరాదనెను.

అదే 1722వ సంవత్సరపు తేదీతో జర్మనీలో బాఖ్ మహాశయుని ప్రసిద్ధమైన మెట్లవాద్యపు కృతుల సంపుటము, ఇరువదినాలుగు శ్రుతులలోను వ్రాయబడినది, వెలసినది. అందలి మొట్టమొదటి కృతి, సి మేజరులోనిది, నేటికిని పియానో నేర్చు పిల్లలందఱు వాయించునది. నాలుగు స్వరముల గుచ్ఛములు గూడ గలవు. వానికి ఇన్వర్షనులు మూడు. బాఖ్ కృతిలోని మొదటి నాలుగు భాగములలో మొదటిది స, గ, ప. రెండవది రి మూలముగా రి, మ, ద, స. మూడవది ప మూలముగా ప, ని, రి, మ. నాల్గవది మరల స, గ, ప. మూలస్థితిలోనే వాయించినచో అడుగుస్వరము స, రి, ప, స యని గెంతవలసియుండును. ఆయన రెండవదానిని స అడుగున నుండు తుది ఇన్వర్షనుగాను, మూడవదానిని ని అడుగున నుండు మొదటి ఇన్వర్షనుగాను నిలిపెను. అందుచే అడుగుస్వరము స, స, ని, స యని యొక్క మెట్టు దిగి మరల నెక్కుటతో సరిపోవుచున్నది. పైన గుచ్ఛములు మాఱుచున్నను క్రింద నేల కదలినట్లుండదు. ఆ కృతి వినినవారికి గలుగు నెమ్మది చాలవఱకు దీనివలన గలిగినదే.

ఈ సందర్భమున నొక స్త్రీని దలపక పోజాలను. బాఖ్ రెండవ భార్య యగు ఆన్నా మాగ్డలేనా పెండ్లికి పూర్వము రాజాస్థానమున గాయని. 1721లో వివాహమై, పదుమువ్వురు బిడ్డలను గని, అందు పలువురిని పసితనముననే పోగొట్టుకొన్న తల్లి. ఆమె పేర 1725లో ప్రారంభింపబడిన యింటి సంగీతపు పుస్తకమొకటి నేటికిని భద్రముగా నున్నది. నేను చెప్పిన సి మేజర్ కృతి యందు నకలు చేయబడియున్నది. అంతకంటె ముఖ్యము, అడుగుస్వరముపై అంకెలను జూచి గుచ్ఛములు కట్టు నియమములు కొన్ని ఆ పుస్తకమున ఆమె సొంత దస్తూరీతో నున్నవి. ఉయ్యెల యూచు చేతితోనే వానిని వ్రాసికొనియుండును. ఇన్వర్షనుల శాస్త్రము ఆడువారికేల యను వారికి ఆ పుస్తకమును జూపవచ్చును.

ఇక చేతి విషయము. స గుచ్ఛమునుండి మ గుచ్ఛమునకు, ప గుచ్ఛమునకు పోయి మరల స కు వచ్చుట సామాన్యమైన నడక. లెక్కలేనన్ని పాటలకు ఈ మూడును జాలును. మూలస్థితులలోనే వాయించినచో స, గ, ప నుండి మ, ద, స కు పోవునపుడు ఒక్కొక్క వ్రేలు 5 అడుగులు కదలవలెను. మూడు వ్రేళ్లకు 15. దానికి బదులుగా మ గుచ్ఛమును స, మ, ద యని రెండవ ఇన్వర్షన్‌లో బట్టుడు. స ఉన్నచోటనే యుండును. గ నుండి మ కు 1 అడుగు, ప నుండి ద కు 2. మొత్తము 3 అడుగులే. అట్లే స, గ, ప నుండి ప గుచ్ఛమునకు పోవునపుడు దానిని ని, రి, ప యని మొదటి ఇన్వర్షన్‌లో బట్టినచో ప కదలదు; గ నుండి రి కి 2, స నుండి క్రింది ని కి 1. ఇదియు మూడడుగులే. మూలస్థితిలో పైకి బోయియుండిన 21 అడుగుల ప్రయాణము. వంటయింట ఉప్పుడబ్బా ఒక గదిలో, పోపులపెట్టె మఱొక గదిలో నుంచుకొని వంటచేయు ఇల్లాలి నెవ్వరైన మెత్తురా?

మా వీథిలో నొక పన్నెండేండ్ల బాలిక కలదు. వాద్యము కొనిన యెనిమిదవ నెలలో దాని తల్లి నాయొద్దకు వచ్చి, "అక్కయ్యగారూ, దీని చెయ్యి చిన్నదట. ఈ వాద్యం దీనికి లొంగదని మేష్టరుగారు చెప్పేశారు. వచ్చినకాడికి అమ్మేద్దామనుకుంటున్నాం" అనెను. పిల్ల తల వంచుకొని వ్రేళ్లను చూచుకొనుచుండెను. తన శరీరములోనే యేదో లోపమున్నదని ఆ పసిమనసులో నాటుకొన్నది. నాకు కష్టము తోచినది. నేను పియానో విద్వాంసురాలను గాను. హార్మోనియమే నా వాద్యము. ఐనను కొలబద్ద తెచ్చి మెట్లు కొలిచి చూపితిని. పియానోపై తెల్లమెట్టు వెడల్పు సుమారు రెండున్నర సెంటీమీటర్లకు కొంచెము తక్కువ. స నుండి పై స కు చేయి చాపవలెనన్న మెట్టు నడిమినుండి మెట్టు నడిమికి సుమారు 16½ సెంటీమీటర్లు. ఇది నిజముగనే చిన్నచేతికి కష్టము. కాని మూలస్థితికి కావలసినది సుమారు 9½ సెంటీమీటర్లు. రెండు ఇన్వర్షనులకును 11¾ మాత్రమే. పిల్ల చేయి అంతమాత్రము సులభముగా సాగినది. దానిని బాధించుచున్నది చేతి కొలత కాదు, చేతి పరుగు.

స, గ, ప. స, మ, ద. స, గ, ప. ని, రి, ప అని నాలుగైదు మాఱులు నడిపించితిని. మొదట వ్రేళ్లు తడబడినవి. సాయంకాలమునకు మెట్లను చూడకయే వాయింపసాగినది. "అత్తయ్యా, చెయ్యి ఇక్కడే ఉంది, పాట మాత్రం నడుస్తోందే!" అని అది యన్నప్పుడు దాని తల్లి ముఖము చూడవలసినది. వాద్యమును అమ్మలేదు. ఎడమచేయి యింకను దానికి లొంగలేదు. దానికి కాలము పట్టును.

వ్రేళ్ల నియమమును గూడ ఇచ్చటనే చెప్పెదను. రెండు చేతులందును బొటనవ్రేలు 1, చిటికెనవ్రేలు 5 అని లెక్క. కుడిచేత మూలస్థితికి 1, 3, 5. మొదటి ఇన్వర్షన్‌కు 1, 2, 5. రెండవదానికి మరల 1, 3, 5. మొదటి ఇన్వర్షన్‌లో పైయెడము వెడల్పు గనుక నడిమివ్రేలికి బదులు చూపుడువ్రేలు వచ్చినది. ఎడమచేత అడుగునుండి పైకి 5, 3, 1; మొదటి ఇన్వర్షన్‌కును అదే; రెండవదానికి మాత్రము 5, 2, 1. స్వరములను మొదట విడివిడిగా, పిదప కలిపి వాయించుచు మూడు నిలుకడలలో పైకెక్కి మరల దిగవలెను. దినమునకు పది నిమిషములు చాలును. మణికట్టు బిగబట్టిన నొప్పి పుట్టును.

ఎడమచేతిని గూర్చి యొక ముఖ్యమైన మాట. గుచ్ఛము ఏ నిలుకడలో నున్నదను నిర్ణయము రెండు చేతులలోను కలిపి అన్నిటికంటె అడుగున మ్రోగు స్వరమునుబట్టియే జరుగును. కుడిచేతిని మాత్రము చూచి పేరు పెట్టరాదు. బేతోవెన్ 1801లో రచించిన సొనాటా యొకటి కలదు. వెన్నెల సొనాటా యని లోకులు పిలుతురు. ఆ పేరు ఆయన పెట్టినది కాదు. దాని యారంభమున కుడిచేయి మూడేసి స్వరములుగా వాయించు ఆకృతి చూచుటకు రెండవ ఇన్వర్షనే. కాని యెడమచేయి క్రింద మూలస్వరమును గంభీరముగా నిలుపును గనుక గుచ్ఛము మూలస్థితిలోనే యున్నదని చెప్పవలెను. మొదట నేర్చువారు గూడ ఈ పద్ధతినే యవలంబింపవచ్చును: కుడిచేత కదలిక తక్కువయగు ఇన్వర్షను, ఎడమచేత మూలస్వరమొక్కటి. ఎడమచేత క్రింది స్థాయిలో మూడు స్వరములను దగ్గఱగా నొక్కినచో నాదము బురదబురదగా నుండును. అచ్చట ఒక్క స్వరమే శోభిల్లును.

వరుస మాఱినచో వాక్యమునకు బిగువు మాఱునంటిని. మూలస్థితి ఇంటికి వచ్చి కూర్చున్నట్లుండును. మొదటి ఇన్వర్షన్ తేలికగా, ఇంకను నడువవలసినదున్నట్లు తోచును. రెండవది అడుగున ప నిలుచుటచే గడపమీద నిలిచినట్లుండును. లోనికి రాదు, వెలికి బోదు. దీనిని మోజార్టు మొదలగువారు మిక్కిలి చమత్కారముగా వాడిరి. పియానో కచేరీ కృతులలో వాద్యబృందమంతయు ఈ రెండవ ఇన్వర్షన్ మీదికి వచ్చి యాగిపోవును. శ్రోతలు ఊపిరి బిగబట్టుదురు. అప్పుడు పియానో వాయించువారు ఒంటరిగా తమ మనోధర్మమును జూపుదురు. వారు చివర పంచమగుచ్ఛముపై కంపితము వాయించి ముగించినపిదపనే బృందము తిరిగి యెత్తుకొనును. మన కచేరీలో తని యావర్తనపు చివర గాయకుడు పల్లవి నందుకొనుటకు వేచియున్న క్షణమును తలచుకొన్నచో ఆ యనుభవము తెలియును.

నేటి పాటల పుస్తకములలో సి గీటు ఇ యని వ్రాసియుండుట పిల్లలు చూపి అడుగుదురు. గీటునకు ముందున్నది గుచ్ఛము పేరు. వెనుకనున్నది అడుగున మ్రోగవలసిన స్వరము. సి గుచ్ఛమును ఇ అడుగున నుంచి, అనగా గ, ప, స యని, మొదటి ఇన్వర్షన్‌లో వాయింపుమని దాని భావము. సి గీటు జి యన్న రెండవది.

వీనిని అభ్యసించుటకు ఏ పాటలు తగుననిన, రాగభావము గమకములపై నాధారపడియున్న కీర్తనలకు గుచ్ఛములను దగిలింపవలదని నా యభిప్రాయము. తోడిలోని గాంధారము క్రింద మూడు కదలని స్వరములనుంచుట పట్టుచీరకు గోనెసంచి యంచు కుట్టుటయే. 1835లో పరమపదించిన ముత్తుస్వామి దీక్షితులవారు ఐరోపావారి బాణీలకు సంస్కృత సాహిత్యము గూర్చి రచించిన నొట్టుస్వరములు ఇందుకు మిక్కిలి యనుకూలములు. శంకరాభరణ స్వరములలోనే యుండుటయు, గమకములు లేకుండుటయు, చిన్నపిల్లలకు సైతము తెలిసియుండుటయు వానియందలి లాభములు. సంతతం పాహిమాం అనునది ఆంగ్లేయుల రాజగీతపు బాణీయే. పాటలో గ నిలుచుచోట సగప గుచ్ఛమును, మ గాని ద గాని నిలుచుచోట మ గుచ్ఛమును, రి గాని ని గాని నిలుచుచోట ప గుచ్ఛమును పట్టి చూడుడు. స రెండు గుచ్ఛములలోను, ప రెండు గుచ్ఛములలోను గలవు. అచ్చట రెండును వాయించి చెవికి నచ్చినదానిని ఉంచుకొనుడు. కుడిచేతితో పాట వాయించునపుడు గుచ్ఛములను ఎడమచేత మధ్యస్థాయికి దగ్గఱగా, స, గ, ప. స, మ, ద. ని, రి, ప అను మూడు దగ్గఱి నిలుకడలలోనే పట్టవలెను. హార్మోనియము గలవారు ఎడమచేతితో తిత్తి నూదవలెను గనుక, ఒకరు పాడుచుండగా కుడిచేత ఈ మూడింటిని వాయింపవచ్చును. తల్లి పాడి, కూతురు వాయించిన మఱియు బాగుండును.